ఊళ్ళ పేర్లు పెట్టుకున్న చిన్న ఓడలు: మెల్‌బోర్న్ నుంచి వైయాలా దాకా నాన్నతో ఆరు రోజులు

మొదటి రోజు, శనివారం: విలియమ్స్‌టౌన్

నాన్న మెల్‌బోర్న్ వచ్చి మూడు వారాలైంది. పెంగ్విన్లు చూపించాను, కంగారూలు చూపించాను, మాల్‌కి తీసుకెళ్ళి అవసరం లేని జాకెట్ కూడా ఒకటి కొనిపెట్టాను. అన్నిటికీ ఒకటే మాట, "బాగుందమ్మలూ". విశాఖ నేవల్ డాక్‌యార్డులో 34 ఏళ్ళు ఫిట్టరుగా చేసిన మనిషిని, ఊళ్ళోనే ఓడ ఉండగా పెంగ్విన్ల చుట్టూ తిప్పుతున్నానని నాకు వెలగడానికి ఇన్నాళ్ళు పట్టింది.

విలియమ్స్‌టౌన్‌లో జెమ్ పియర్ అని ఒక చెక్క రేవు ఉంది, అక్కడ నిలబడితే నీళ్ళకి అవతల మెల్‌బోర్న్ మేడలన్నీ కనిపిస్తాయి, అందరూ వాటిని ఫోటో తీసుకుని ఐస్‌క్రీమ్ తిని వెళ్ళిపోతారు, నేనూ నాలుగేళ్ళుగా అదే చేశాను. రేవుకి కట్టేసిన బూడిదరంగు ఓడని ఎప్పుడూ పట్టించుకోలేదు. దాని పేరు హెచ్‌ఎంఏఎస్ కాసిల్‌మైన్ (హెచ్‌ఎంఏఎస్ అంటే ఆస్ట్రేలియా నేవీ ఓడల పేర్ల ముందు పెట్టే మాట). రెండో ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా కట్టిన బాథర్‌స్ట్ తరగతి మైన్‌స్వీపర్, అంటే సముద్రంలో వదిలిన పేలుడు గుళ్ళని, మైన్లని, ఏరే ఓడ. ఈ ఊరి నేవల్ డాక్‌యార్డులోనే పుట్టింది, 1941 ఆగస్టులో నీళ్ళలోకి దింపారు, 1942 జూన్‌లో నౌకాదళంలో చేరింది. ఇప్పుడు మ్యూజియం, వారాంతాల్లో తెరుస్తారు, చూపించేవాళ్ళంతా వాలంటీర్లే.

పొడవు 57 మీటర్లు. అంతే. నాన్న ముందు నుంచి వెనక దాకా నడిచి వచ్చి, "ఇందులో ఎంతమంది ఉండేవారు?" అన్నాడు. ఎనభై అయిదుగురి దాకా అన్నారు. నాన్న నావైపు చూశాడు, మా మర్రిపాలెం క్వార్టర్సులో పెళ్ళికి చుట్టాలంతా దిగినప్పుడు కూడా ఇంత ఇరుకు లేదు అన్నట్టు. కింద పడుకునే గదిలో ఉయ్యాలలు కట్టే కొక్కేలు ఇంకా ఉన్నాయి, ఆ ఉయ్యాలల కిందే బల్లలు, ఆ బల్లల మీదే తిండి. బయట అలలు గట్టిగా ఉంటే ఈ రకం ఓడ ఘోరంగా దొర్లేదట, వాంతి చేసుకోనివాడు లేడట.

పేరులో చిన్న తిరకాసు ఉంది. కాగితాల మీద ఇవి 'ఆస్ట్రేలియన్ మైన్‌స్వీపర్లు', కానీ జనం నోట్లో కార్వెట్లు, అంటే చిన్న కాపలా యుద్ధనౌకలు. ఎందుకంటే మైన్లు ఏరడం ఒక్కటే కాదు, సరుకు ఓడలకి కాపలా కాయడం, జలాంతర్గాముల్ని తరమడం, సైనికుల్ని దింపడం, మ్యాపులు గీయడం, ఏ పనికి ఓడ లేకపోతే ఆ పనికి వీటిని పంపేవారు. మొత్తం 60 కట్టారు, ఎనిమిది షిప్‌యార్డుల్లో. ఇప్పుడు మిగిలినవి రెండే, ఒకటి ఇది, రెండోది దక్షిణ ఆస్ట్రేలియాలో వైయాలా అనే ఊళ్ళో, నేల మీద. "నేల మీదేటి?" అన్నాడు నాన్న. ఆ ఒక్క ప్రశ్నతోనే మా ఆరు రోజుల ప్రయాణం ఖాయమైపోయింది.

ఇంజిన్ గదిలోకి దిగాక ఆయన్ని బయటికి తీసుకురావడానికి నాకు గంట పైనే పట్టింది. ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ ఆవిరి ఇంజిన్లు, రెండు. ఒకటే ఆవిరి మూడు సిలిండర్లలో, చిన్నదాంట్లోంచి పెద్దదాంట్లోకి, వరసగా మూడుసార్లు పని చేస్తుంది. నాన్న డాక్‌యార్డులో టర్బైన్లు, డీజిళ్ళు చూశాడు గానీ దీన్ని అప్రెంటిస్ రోజుల్లో పుస్తకంలో బొమ్మగానే చూశాడట. యుద్ధం మధ్యలో ఇంత పాతకాలపు ఇంజిన్ ఎందుకు పెట్టారు అని నేనడిగితే, అక్కడున్న వాలంటీరుకన్నా ముందు ఆయనే చెప్పాడు: టర్బైన్ చెయ్యాలంటే దానికి తగిన కార్ఖానా కావాలి, ఇదైతే రైలింజన్లు చేసే వర్క్‌షాపులో కూడా అవుతుంది. వాలంటీరు పెద్దాయన తలూపాడు, నిజంగానే రైల్వే వర్క్‌షాపుల్లో చేయించారట. వేగం 15 నాట్లు, అంటే గంటకి 28 కిలోమీటర్ల దాకా, అదీ మహా అయితే. వేగం తక్కువైనా ఫర్వాలేదు, త్వరగా బోలెడన్ని కావాలి, అదే లెక్క.

పైకి వచ్చాక విమానాల్ని కొట్టే ఓర్లికాన్ తుపాకి దగ్గర ఆగాం. అక్కడ చెప్పిన కథ ఈ ఓడది సగం, దీని తోబుట్టువు ఆర్మిడేల్‌ది సగం. 1942 నవంబరు చివర ఇవి రెండూ డార్విన్ నుంచి తిమోర్ వెళ్ళాయి, అక్కడ జపాన్ వాళ్ళతో పోరాడుతున్న దళాన్ని మార్చడానికి, పోర్చుగీసు ఆడవాళ్ళనీ పిల్లల్నీ తీసుకురావడానికి. ముందే వెళ్ళిన కురూ అనే చిన్న ఓడలో ఎక్కినవాళ్ళని కాసిల్‌మైన్ తనలోకి తీసుకుని వెనక్కి తిరిగింది. ఆర్మిడేల్‌కి మళ్ళీ తిమోర్ వెళ్ళమని ఆజ్ఞ. డిసెంబరు 1 మధ్యాహ్నం జపాన్ విమానాలు దాన్ని టార్పెడోలతో ముంచేశాయి. టెడ్డీ షీన్ అనే 18 ఏళ్ళ కుర్రాడు, టాస్మానియా వాడు, ఓడ వదిలి దూకమన్నాక కూడా వెనక్కి వెళ్ళి, గాయాలతోనే ఓర్లికాన్‌కి తనని తాను కట్టుకుని ఓడతోపాటు మునిగేదాకా కాలుస్తూనే ఉన్నాడు. విక్టోరియా క్రాస్ 2020లో ఇచ్చారు, 78 ఏళ్ళకి. ఆ ఓడ మీదున్న 149 మందిలో నూరుమంది దాకా పోయారు. తెప్ప మీద తేలుతున్న కొందరిని విమానం ఫోటో తీసింది, కెరటాలు ఎక్కువగా ఉండి నీళ్ళ మీద దిగలేకపోయింది, వాళ్ళు మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

నాన్న ఆ తుపాకి మీద చెయ్యి వేయబోయి, వేయకుండా తీసేశాడు.

రెండో రోజు, ఆదివారం: క్వీన్స్‌క్లిఫ్, అపోలో బే

పొద్దున్నే పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సీసా, ఫ్లాస్కులో కాఫీ. నాన్న ప్రయాణం అంటే అవి ఉండాలి. జీలాంగ్ దాటుతుంటే బోర్డు చూసి చెప్పాను, ఈ ఊరి పేరుతో కూడా ఒక ఓడ ఉండేదని. బాథర్‌స్ట్ తరగతిలో ఓడలకి మహారాజుల పేర్లు, యుద్ధాల పేర్లు పెట్టలేదు, ఊళ్ళ పేర్లే, అవీ చాలావరకు చిన్న ఊళ్ళు. జీలాంగ్, కోలాక్, బల్లారట్, హోర్షమ్, మేరీబరో. ఇక్కడి నుంచి దారంతా ఇదే ఆట మాకు: బోర్డు కనిపించడం, నేను ఫోన్లో రాసుకున్న జాబితా తీయడం.

"మనకీ అంతే కదా" అన్నాడు నాన్న. మన నేవీ 1970ల చివరి నుంచి సోవియట్ నుంచి కొన్న మైన్‌స్వీపర్లకి రేవుల పేర్లే పెట్టారు: పాండిచ్చేరి, పోర్‌బందర్, కార్వార్, కడలూరు, అల్లెప్పీ. అందులో ఐఎన్ఎస్ కాకినాడ కూడా ఉంది, 2017 మేలో దానికి వీడ్కోలు చెప్పేశారు. నాన్న పుట్టింది కాకినాడ జగన్నాథపురంలో కాబట్టి ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు కొంచెం పెరిగింది.

జీలాంగ్ ఓడ సంగతేంటంటే, శత్రువు చేతిలో పోలేదు. 1944 జనవరి 1న న్యూగినీ దగ్గర ఒక అమెరికన్ ట్యాంకర్ గుద్దితే మునిగింది. యుద్ధంలో పోయిన బాథర్‌స్ట్‌లు మూడు, అందులో రెండు ఇలా గుద్దుకునే పోయాయి, జీలాంగ్ ఒకటి, 1943 జూన్‌లో ఫ్రీమాంటిల్ దగ్గర వాలరూ ఒకటి. దీపాలార్పుకుని చీకట్లో ఓడలన్నీ తిరుగుతుంటే ఏమవుతుంది మరి.

క్వీన్స్‌క్లిఫ్‌లో మేం ఆగింది కూడా అలాంటి చావు కోసమే. ఇక్కడ గూరంగాయ్ అనే ఓడకి స్మారకం ఉంది, సముద్రం వైపు తిరిగి. అది బాథర్‌స్ట్ కాదు, వాటికన్నా ముందుది, చేపల ట్రాలర్. యుద్ధం మొదలవగానే 1939లో నేవీ తీసుకుని మైన్‌స్వీపర్ చేసింది. 1940 నవంబరు 20 రాత్రి, ఇదిగో ఈ ఎదురుగా కనిపించే నీళ్ళలో, డన్‌ట్రూన్ అనే పెద్ద ప్రయాణికుల ఓడ దీన్ని రెండు ముక్కలు చేసేసింది. నిమిషం లోపే మునిగింది. 24 మంది, ఒక్కరూ మిగల్లేదు. ఈ యుద్ధంలో ఆస్ట్రేలియా నేవీ పోగొట్టుకున్న మొదటి ఓడ ఇదే, చేపలు పట్టుకునే ఓడ.

చేపల ఓడని మైన్లకి ఎందుకు పంపారు అన్నదానికి నాన్న అక్కడ బెంచీ మీద కూర్చుని పులిహోర తింటూ చెప్పిన పాఠం నేను చదివినవాటికన్నా బాగుంది. విశాఖ ఫిషింగ్ హార్బరులో ట్రాలర్లకి వల నోరు తెరుచుకుని ఉండటానికి అటొకటి ఇటొకటి చెక్క బోర్డులు కడతారు, బోటు లాగుతుంటే నీళ్ళ ఒత్తిడికి అవి పక్కలకి విడిపోతాయి. మైన్ ఏరడం కూడా అదే పని, వల బదులు ఉక్కు తాడు. ఓడ వెనక నుంచి తాడు వదులుతారు, ఓడ దగ్గరి కొసని ఒక పలక లోతుకి తొక్కి పెడుతుంది, దూరపు కొసని ఇంకో పలక పక్కకి లాగుతుంది, ఆ కొసన చేప ఆకారంలో ఒక తేలుడు డబ్బా ఉంటుంది, తాడు ఎక్కడిదాకా ఉందో దాన్ని చూసి తెలుసుకోవాలి. దీని పేరు ఒరొపేసా, ఈ పద్ధతిని మొదట పరీక్షించిన ట్రాలర్ పేరు. పాత రకం మైన్ అంటే అడుగున బరువుకి గొలుసుతో కట్టి, నీళ్ళలో కొంత లోతున తేలేలా వదిలిన ఇనప గుండు, కొమ్ములతో. ఈ తాడు ఆ గొలుసుని కోసేస్తే గుండు పైకి తేలుతుంది, అప్పుడు ఓడ మీద నుంచి రైఫిలుతో కాల్చి ముంచడమో పేల్చడమో. తర్వాత అయస్కాంతం మైన్లొచ్చాయి, ఓడ ఇనుము దగ్గరికొస్తే పేలేవి, వాటికి తాళ్ళు సరిపోవు, వెనక పొడుగాటి కేబుళ్ళు తేలేసి అందులోకి కరెంటు పంపి పేల్చాలి.

"ఇందులో కష్టమేంటో తెలుసా," అన్నాడు నాన్న, "తాడు పక్కకే ఉంటది, ఓడ ముందు ఏమీ ఉండదు. మొదట ఆ నీళ్ళలోకి వెళ్ళేది మన ఓడే."

అక్కడి నుంచి గ్రేట్ ఓషన్ రోడ్డు. మొదటి యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు తవ్విన రోడ్డు ఇది. అందం గురించి అందరూ రాశారు, నేను రాయను, మలుపులకి నాన్నకి కళ్ళు తిరిగాయి అన్నది మాత్రం రాస్తాను. 34 ఏళ్ళు ఓడల్లో పని, కానీ ఎప్పుడూ రేవులో కట్టేసిన ఓడల్లోనే, అదీ అసలు రహస్యం!

రాత్రి అపోలో బేలో. గది బుక్ చేసేటప్పుడు తారీఖు తప్పు కొట్టింది నేనే, వచ్చే ఆదివారానికి చేశాను. రెండో చోట ఎక్కువ డబ్బులు పెట్టి దొరికింది. నాన్నకి చెప్పలేదు, ఇప్పుడిది చదివితే తెలుస్తుంది.

మూడో రోజు, సోమవారం: కేప్ ఓట్వే, వార్నంబూల్

అపోలో బే జాలర్లకి ఈ కథలో భాగం ఉంది. 1940 అక్టోబరులో పింగ్విన్ అనే జర్మన్ దాడి ఓడ, పట్టుకున్న ఒక నార్వే ట్యాంకర్‌కి పస్సాట్ అని పేరు మార్చి దాన్నీ మైన్లు వేసే ఓడగా మార్చింది. రెండూ కలిసి ఆస్ట్రేలియా దక్షిణ, ఆగ్నేయ తీరాల్లో మైన్లు చల్లి ఎవరికీ తెలియకుండా వెళ్ళిపోయాయి. నవంబరు 7న కేంబ్రిడ్జ్ అనే బ్రిటిష్ ఓడ విల్సన్స్ ప్రామంటరీ దగ్గర పేలి మునిగింది. మర్నాడే కేప్ ఓట్వే ఎదురుగా సిటీ ఆఫ్ రేవిల్, అమెరికా ఓడ. పెర్ల్ హార్బర్‌కి ఏడాది ముందు, అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే, ఆ దేశం ఈ యుద్ధంలో పోగొట్టుకున్న మొదటి ఓడ ఇక్కడ, ఆస్ట్రేలియా అడుగున, సీసం దిమ్మలతో మునిగింది. అపోలో బే నుంచి జాలరి పడవలు రాత్రి వెళ్ళి జనాన్ని తీసుకొచ్చాయి. ఒక్కడే పోయాడు, సామాను కోసం వెనక్కి వెళ్ళినవాడు.

ఆ నవంబరులో బాథర్‌స్ట్‌లు ఇంకా ఒక్కటీ తయారవలేదు. తరగతికి పేరిచ్చిన బాథర్‌స్ట్ ఓడే డిసెంబరులో గానీ చేరలేదు. అందుకే గూరంగాయ్ లాంటి ట్రాలర్లు ఆ నీళ్ళన్నీ దువ్వాయి. నిన్న నేను చూసిన స్మారకం, ఈరోజు ఈ లైట్‌హౌస్ దగ్గర చూస్తున్న సముద్రం ఒకే వాక్యంలోవని ఇక్కడ నిలబడ్డాకే అర్థమైంది. మైన్లు పేలి రెండు వారాలు కాలేదు, వాటిని ఏరుతున్న ఓడ అప్పుడే పోయింది, అదీ మైన్ తగిలి కాదు.

లైట్‌హౌస్ ఆవరణలో 1942లో కట్టిన రాడార్ బంకర్ ఉంది, చిన్న కాంక్రీటు గది. గాలి ఎంత గట్టిగా వేస్తోందంటే నాన్న టోపీ తీసి జేబులో పెట్టేసుకున్నాడు.

ట్వెల్వ్ అపోస్తల్స్ దగ్గర పదిహేను నిమిషాలు. జనం, సెల్ఫీ కర్రలు. నాన్న అక్కడ లెక్కపెట్టి, "పన్నెండు లేవు" అన్నాడు. లేవు మరి.

వార్నంబూల్ మధ్యాహ్నం మూడింటికి చేరాం. ఊరు ఊరులాగే ఉంది, పాల ఉత్పత్తుల ఊరు, ప్రత్యేకం ఏమీ లేదు. కానీ దీని పేరు పెట్టుకున్న ఓడ కథ నన్ను అన్నిటికన్నా ఎక్కువ పట్టుకుంది. హెచ్‌ఎంఏఎస్ వార్నంబూల్ యుద్ధమంతా బతికింది. 1945లో యుద్ధం అయిపోయింది. రెండేళ్ళ తర్వాత, 1947 సెప్టెంబరు 13న, క్వీన్స్‌లాండ్ ఉత్తరాన గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర మైన్లు ఏరుతూ మైన్ తగిలి మునిగింది, నలుగురు పోయారు. ఆ మైన్ జర్మనీది కాదు, జపాన్‌ది కాదు. ఆస్ట్రేలియా వాళ్ళు తమ తీరం కాపాడుకోవడానికి తామే వేసుకున్నది. యుద్ధంలో బంగరీ అనే ఓడ వేల మైన్లు వేస్తూ తిరిగింది, యుద్ధం అయ్యాక వాటిని తీసే పని ఈ చిన్న ఓడల నెత్తిన పడింది. సంధి పత్రం మీద సంతకం పెట్టారన్న సంగతి నీళ్ళలో ఉన్న గుండుకి ఎవరు చెబుతారు.

దీని గురించి నాన్న ఏమీ అనలేదు. చాలాసేపు కారు నడిచాక, "ఆ నలుగురి ఇళ్ళల్లో యుద్ధం అయిపోయిందని పండగ చేసుకునుంటారు" అన్నాడు.

రాత్రి మౌంట్ గాంబియర్. రాష్ట్రం మారింది, గడియారం అరగంట వెనక్కి. అరగంట తేడా అనేసరికి నాన్నకి మన దేశం గుర్తొచ్చి, అమ్మకి ఫోన్ చేసి ఇక్కడి టైము, అక్కడి టైము లెక్కలు వేసి చెప్పడం మొదలుపెట్టాడు.

నాలుగో రోజు, మంగళవారం: బీచ్‌పోర్ట్, కూరాంగ్, అడిలైడ్

బీచ్‌పోర్ట్ చిన్న ఊరు, పొడవాటి చెక్క జెట్టీ, దాని మీద గాలాలు వేసుకుని ఇద్దరు ముగ్గురు. ఈ ఊరికి మేం రావడానికి కారణం 1941 జూలై. ఇక్కడి ఒడ్డున జర్మన్ మైన్ ఒకదాన్ని నిర్వీర్యం చేస్తుండగా అది పేలి ఇద్దరు నావికులు చనిపోయారు. తొమ్మిది నెలల క్రితం ఎక్కడో విడిచిన గుండు, ఇంత ప్రశాంతమైన ఇసుక మీద. స్మారకం దగ్గర మేమిద్దరమే, ఒక కుక్కా. నాన్న జేబులోంచి రుమాలు తీసి ఫలకం మీది ఉప్పు తుడిచాడు.

ఆ తర్వాత రోబ్, కింగ్‌స్టన్ (అక్కడ 17 మీటర్ల ఎత్తున్న లాబ్‌స్టర్ బొమ్మ, నాన్న దాంతో ఫోటో కావాలన్నాడు, ఈ యాత్ర మొత్తంలో ఆయన అడిగి తీయించుకున్న మొదటి ఫోటో), ఆపైన కూరాంగ్. కూరాంగ్ అంటే వంద కిలోమీటర్లకి పైగా ఉప్పు కయ్య, ఇసుక దిబ్బలు, రోడ్డు మీద మనం తప్ప ఎవరూ ఉండరు. అలాంటి చోట్లే కథలు బాగా వస్తాయి. బెంగాల్ అనే ఓడ కథ నాన్న అక్కడే చెప్పాడు, డాక్‌యార్డులో అప్రెంటిస్‌గా చేరిన మొదటి నెలలో ఎవరో సీనియర్ చెప్పిందట.

అరవై బాథర్‌స్ట్‌లలో నాలుగు మన రాయల్ ఇండియన్ నేవీ కోసం కట్టారు: బెంగాల్, బొంబాయి, మద్రాస్, పంజాబ్. వీటిలో బెంగాల్ సిడ్నీలో కాకటూ దీవి డాక్‌యార్డులో తయారై 1942లో చేరింది. ఆ నవంబరులో ఫ్రీమాంటిల్ నుంచి హిందూ మహాసముద్రంలోని డియెగో గార్సియా దీవి వైపు, ఒండీనా అనే డచ్ ట్యాంకర్‌కి కాపలాగా బయలుదేరింది. కాపలా అంటే నవ్వొస్తుంది, దానికి ఉన్నది 12 పౌండ్ల గుండు కాల్చే ఫిరంగి ఒకే ఒక్కటి, ఒండీనాకి ఒక నాలుగంగుళాల ఫిరంగి. నవంబరు 11న కోకోస్ దీవులకి నైరుతిగా రెండు జపాన్ దాడి ఓడలు ఎదురయ్యాయి, హోకోకు మారు, ఐకోకు మారు, ఒక్కొక్కటీ పది వేల టన్నులు పైనే, ఒక్కోదానికి బోలెడు పెద్ద ఫిరంగులు. బెంగాల్ 650 టన్నులు. దాని కెప్టెన్ విల్సన్, ట్యాంకర్‌ని తప్పించుకోమని చెప్పి తన ఓడని నేరుగా శత్రువు వైపే తిప్పాడు.

"తిప్పితే ఏమైంది?" అన్నాను, తెలిసినా.

హోకోకు మారుకి ఒక గుండు తగిలింది, మంటలు, ఆ తర్వాత పెద్ద పేలుడు, మునిగిపోయింది. తగిలిన గుండు బెంగాల్‌దా, ఒండీనాదా అన్నది ఇప్పటికీ వాదనే, నాన్న లెక్కలో మాత్రం అందులో వాదన ఏమీ లేదు. రెండో జపాన్ ఓడ ఒండీనాని టార్పెడోలతో కొట్టి, పడవల్లోకి దిగినవాళ్ళ మీద తుపాకులు కాల్చింది, దాని కెప్టెన్ హోర్స్‌మన్ చనిపోయాడు, అయినా ట్యాంకర్ మునగలేదు, మిగిలినవాళ్ళు మళ్ళీ ఎక్కి ఫ్రీమాంటిల్ తీసుకొచ్చారు. బెంగాల్ గుండ్లన్నీ దాదాపు అయిపోయి, దెబ్బలు తిని, డియెగో గార్సియా చేరింది. అందులో ఒక్కడూ చావలేదు.

ఆ ఏడాదే ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. నాన్న నాన్నకి అప్పుడు పన్నెండేళ్ళు, జగన్నాథపురం వదిలి ఎడ్లబండి మీద పిఠాపురం వైపు పారిపోయారట. ఆ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో, కానీ అది 1942 అని, ఈ ఓడలు తిరిగిన అదే సముద్రానికి ఇంకో ఒడ్డు అని ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

అడిలైడ్‌లో నా క్లాస్‌మేట్ ఇంట్లో రాత్రి. గుత్తి వంకాయ కూర, చారు. రోడ్డు తిండి నుంచి విముక్తి.

అయిదో రోజు, బుధవారం: పోర్ట్ అగస్టా మీదుగా వైయాలా

385 కిలోమీటర్లు. సగం దాటాక పచ్చదనం అయిపోయి నేల ఎర్రబడుతుంది. పోర్ట్ పిరీ బోర్డు దగ్గర జాబితా తీశాను, పిరీ, ఉంది. గాలర్ పొద్దున్నే దాటాం, ఉంది. కల్గూర్లీ మాత్రం ఇక్కడ లేదు, పశ్చిమాన దూరంగా. ఈ మూడూ, వైయాలాతో కలిపి నాలుగు, వైయాలాలో బీహెచ్‌పీ అనే ఉక్కు కంపెనీ షిప్‌యార్డులోనే కట్టారు. అప్పటిదాకా అక్కడ షిప్‌యార్డే లేదు, మొదటి ఓడకి ఊరి పేరే పెట్టుకున్నారు, 1941 మేలో నీళ్ళలోకి దింపారు.

పోర్ట్ అగస్టా దాటి ఊళ్ళోకి వస్తుంటే నాన్న కిటికీ దించి వాసన పీల్చాడు. "స్టీలు ప్లాంటు." అంతా ఎర్ర దుమ్ము, గోడలు కూడా. విశాఖ వన్‌టౌన్‌లో మేడ మీద బట్టలారేస్తే ఎలా ఉండేదో అలా, అక్కడ నలుపు, ఇక్కడ ఎరుపు.

మ్యూజియం ఊరి మొదట్లోనే, హైవే పక్కన. దూరం నుంచే ఓడ కనిపించింది, పొదల మీదుగా, ఎండలో, బూడిదరంగు, నీళ్ళ చుక్క లేదు. కానీ మేం చేరేసరికి రోజు చివరి టూరు వెళ్ళిపోయింది, గైడ్‌తోనే లోపలికి పంపిస్తారు. కంచె బయట నుంచి చూశాం. నాన్న కంచె వెంబడే ఒక చివర నుంచి ఇంకో చివరికి నడిచాడు, ఫోన్లో ఫోటోలు తీస్తూ, ఎర్ర దుమ్ములో చెప్పులతో.

ఆరో రోజు, గురువారం: వైయాలా

తెరవకముందే గేటు దగ్గర ఉన్నాం.

నేల మీద ఓడ ఉంటే ఒక లాభం ఉంది, నీళ్ళలో ఎప్పుడూ కనబడని సగం కనబడుతుంది. కాసిల్‌మైన్ దగ్గర నాన్న ఇంజిన్ గదిలో గంట ఉన్నాడు, ఇక్కడ ఓడ కిందే ఉండిపోయాడు. ప్రొపెల్లర్లు రెండు, చుక్కాని, రివెట్లు. డాక్‌యార్డులో డ్రైడాక్‌లోకి ఓడ వచ్చినప్పుడు మొదట కిందకి దిగి చూసేవాళ్ళలో ఆయన ఒకడు, ఆ అలవాటు పోలేదు, వంగి, వేళ్ళతో తట్టి, "ఇక్కడ ప్లేటు మార్చారు చూడు" అని నాకు చూపించాడు. నాకు అన్నీ ఒకేలా ఉన్నాయి. గైడ్ మాత్రం వెనక్కి వచ్చి తను కూడా తట్టి చూసుకున్నాడు.

ఈ ఓడ జీవితం విచిత్రంగా ఉంది. 1942 జనవరిలో చేరింది, ఆ మే 31 రాత్రి జపాన్ బుల్లి జలాంతర్గాములు సిడ్నీ హార్బరులోకి చొరబడినప్పుడు లంగరేసి అక్కడే ఉంది, పక్కనే మన హెచ్‌ఎంఐఎస్ బొంబాయి, ఆదివారం మేం దాటొచ్చిన ఊరి పేరున్న జీలాంగ్ కూడా. అక్కడినుంచి న్యూగినీ, అక్కడ పాత మ్యాపులు నమ్మలేక తీరాన్ని కొలిచే పని, కొలుస్తుండగా విమానాల దాడి. యుద్ధం అయ్యాక 1947లో విక్టోరియా ప్రభుత్వం కొని దీనికి 'రిప్' అని పేరు పెట్టింది. రిప్ అంటే క్వీన్స్‌క్లిఫ్ ఎదురుగా, మెల్‌బోర్న్ రేవులోకి వచ్చే ఇరుకు సందు పేరు. అక్కడి అడుగున రాళ్ళు పేల్చే పని. అంటే ఆదివారం మేం బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్న చోట ఈ ఓడ దాదాపు నలభై ఏళ్ళు ఎదురుగా తిరుగుతూనే ఉంది! 1984లో వైయాలా ఊరివాళ్ళు కొనుక్కున్నారు, వాలంటీర్లు నడిపితే తన ఇంజిన్ల మీదే సొంతూరికి వచ్చింది, 1987లో రెండు కిలోమీటర్లు నేల మీదకి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు, మరుసటి ఏడు మ్యూజియం తెరిచారు. కట్టిన షిప్‌యార్డు మాత్రం 1978లోనే మూతపడింది.

మా విశాఖలో ఆర్కే బీచ్‌లో కుర్‌సురా జలాంతర్గామి కూడా ఇలాగే ఇసుక మీద ఉంది, కానీ దానికి ఎదురుగా సముద్రమైనా ఉంది. ఇక్కడ పై డెక్ ఎక్కితే దూరంగా స్పెన్సర్ గల్ఫ్ సన్నటి గీతలా కనిపిస్తుంది. ఆ గల్ఫ్ నోట్లో కూడా పింగ్విన్ మైన్లు వేసింది, 1940 డిసెంబరులో హెర్ట్‌ఫర్డ్ అనే ఓడ వాటికే తగిలి దెబ్బతింది. ఈ ఓడ అడుగు దూలం (కీల్) పడి అప్పటికి అయిదు నెలలు, ఇక్కడే, స్లిప్‌వే మీద, సగం కట్టి.

డెక్ వెనక భాగంలో తాడు వదిలే వించి, పక్కన చేప ఆకారం తేలుడు డబ్బా. నాన్న గైడ్‌కి తన ఇంగ్లీషులో ట్రాలర్ బోర్డుల సంగతి చెప్పాడు, చేతులతో వల నోరు తెరిచి చూపిస్తూ. టూర్లో ఉన్న మిగతా నలుగురూ కూడా గైడ్‌ని వదిలేసి ఈయన చుట్టూ చేరారు. నేను వీడియో తీశాను, చెయ్యి వణికి సగం ఆకాశమే వచ్చింది.

బయటికొచ్చాక నీడలో కూర్చుని ఆఖరి పెరుగన్నం. వెనక్కి 1100 కిలోమీటర్లు ఉంది, నేరుగా హైవే మీద, ఆగకుండా. నాన్న ఫోటోల్లో ఒకటి ఏరి, ఓడ మొత్తం కనిపించేది, కింద దిమ్మలు, చుట్టూ ఎర్ర మట్టి, డాక్‌యార్డు రిటైర్డు మిత్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రెండు నిమిషాల్లో ఒక జవాబు వచ్చింది: "డాకింగ్ బాగానే చేశారు గానీ, నీళ్ళేవిరా?"

నేను పెట్రోలు కొట్టించి, అద్దాలు కడిగి, కాఫీ తీసుకుని వచ్చేసరికి కూడా నాన్న ఒక వేలితో దానికి జవాబు టైపు చేస్తూనే ఉన్నాడు.